‘ఏమిటంటే’ అనిపించిన చోటల్లా కోలన్ పెట్టకండి

ఇంగ్లీషు ఉత్తరంలోనో రెజ్యూమేలోనో కోలన్ తప్పు పడిందంటే ముందు వెతకాల్సిన చోటు ‘ఆర్’ (are) అనే మాట పక్కన. ‘ద డాక్యుమెంట్స్ రిక్వైర్డ్ ఆర్: ఆధార్ కార్డ్, రేషన్ కార్డ్ అండ్ టూ ఫొటోస్’ అని రాస్తాం. చదవడానికి బాగానే ఉంటుంది, అర్థమూ అవుతుంది. కానీ ఆ కోలన్ అక్కడ ఉండకూడదు.

ఉదాహరణలన్నీ ఇంగ్లీషు వాక్యాలే, ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. పక్కన కాగితం పెట్టుకుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటూ చదివితే చుక్కలు ఎక్కడ పడుతున్నాయో బాగా తెలుస్తుంది.

ఈ తప్పు తెలుగు నుంచే వస్తుంది. తెలుగు వాక్యం క్రియ లేకుండా కూడా నడుస్తుంది. ‘ఆయన మా మావయ్య’ నిండు వాక్యమే, అందులో క్రియ మాత్రం లేదు. ‘కావలసిన పత్రాలు: ఆధార్ కార్డు, రేషన్ కార్డు, రెండు ఫొటోలు’ అన్నప్పుడు కోలన్ చేసేది ‘ఏమిటంటే’ అనే మాట పని. అదే వాక్యాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు వ్యాకరణం కోసం ‘ఆర్’ చేరుస్తాం, అలవాటు కొద్దీ కోలన్ కూడా ఉంచేస్తాం. ‘ఆర్’ వచ్చాక రెండు భాగాలనూ కలిపే పని అదే చూసుకుంటుంది. దాని వెనక కోలన్ పెడితే ఒకే తలుపుకు రెండు గడియలు వేసినట్టు.

అందుకే ఇంగ్లీషులో కోలన్ పెట్టే ముందు రెండు పరీక్షలు చేయాలి, రెండూ నెగ్గాలి.

మొదటిది చెవి పరీక్ష. ఆ చోట తెలుగులో ‘ఏమిటంటే’, ‘ఎవరంటే’, ‘ఎందుకంటే’, ‘అంటే’ లాంటి మాట పడుతుందా? పడితే కోలన్‌కు అవకాశం ఉంది. ఈ పరీక్ష మనకు పుట్టుకతో వచ్చిందే, చిక్కల్లా ఇది ఒక్కటే చేసి ఆగిపోవడంలో ఉంది.

రెండోది చెయ్యి పరీక్ష. కోలన్ నుంచి కుడివైపు ఉన్నదంతా చేత్తో మూసేయండి. మిగిలిన ముక్క చివర ఫుల్‌స్టాప్ పెడితే అది నిండు వాక్యంగా నిలబడాలి. ‘ద డాక్యుమెంట్స్ రిక్వైర్డ్ ఆర్.’ నిలబడదు, మధ్యలో తెగిపోయిన మాటలా ఉంది. ‘ప్లీజ్ బ్రింగ్ త్రీ డాక్యుమెంట్స్.’ నిలబడుతుంది. కాబట్టి ‘ప్లీజ్ బ్రింగ్ త్రీ డాక్యుమెంట్స్: యువర్ ఆధార్ కార్డ్, యువర్ రేషన్ కార్డ్ అండ్ యువర్ బ్యాంక్ పాస్‌బుక్’ ఒప్పు.

తప్పు వాక్యాన్ని దిద్దడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కోలన్ తీసేయడం: ‘ద డాక్యుమెంట్స్ రిక్వైర్డ్ ఆర్ ఆధార్ కార్డ్, రేషన్ కార్డ్ అండ్ టూ ఫొటోస్’. రెండోది, ముందు భాగాన్ని నింపడం: ‘ద ఫాలోయింగ్ డాక్యుమెంట్స్ ఆర్ రిక్వైర్డ్:’ అని రాసి జాబితా ఇవ్వడం. చెప్పాల్సినవి రెండు మూడే అయితే మొదటిదే హాయి. ‘ద ఫాలోయింగ్’ అన్న మాటకు మన ఆఫీసు ఇంగ్లీషులో అక్కర్లేనంత గిరాకీ ఉంది. రెండు వస్తువులకు అంత డప్పు అక్కర్లేదు.

‘ఆర్’ లాగే వెనక కోలన్‌ను ఓర్చుకోని మాటలు ఇంకొన్ని ఉన్నాయి. ‘సచ్ యాజ్’, ‘ఇంక్లూడింగ్’, ‘లైక్’, ‘ఫర్ ఎగ్జాంపుల్’ వాటిలో ముఖ్యమైనవి. ‘ఐ హావ్ యూజ్డ్ టూల్స్ సచ్ యాజ్: ఎక్సెల్ అండ్ టాలీ’ రెజ్యూమేల్లో తరచు కనిపిస్తుంది. ‘సచ్ యాజ్’ అంటేనే ‘లాంటివి’. జాబితాను అదే పిలిచేసింది కాబట్టి కోలన్ తీసేస్తే చాలు. ఇన్, టు, ఆఫ్, విత్ లాంటి విభక్తి మాటలు కూడా అంతే. ‘ఐ యామ్ ఇంటరెస్టెడ్ ఇన్: ఆడిటింగ్ అండ్ పేరోల్’ అన్నప్పుడు ‘ఇన్’ తన తర్వాతి నామవాచకం చెయ్యి పట్టుకుని ఉంటుంది, మధ్యలో చుక్కలు దూర్చకూడదు. తెలుగులో విభక్తి పదానికి అతుక్కునే ఉంటుంది, ‘ఆడిటింగ్‌: లో’ అని మనం కలలో కూడా రాయం. ఇంగ్లీషులో విభక్తి ముందుకొచ్చి విడిగా నిలబడటం వల్ల ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే.

కారణం చెప్పేటప్పుడు

జాబితాల కోసం కోలన్ వాడటం అందరికీ తెలుసు. దాని అసలు అందం కారణం చెప్పడంలో, విప్పి చెప్పడంలో ఉంది. ‘ద మోటార్ డిడ్ నాట్ స్టార్ట్: దేర్ వాజ్ నో పవర్.’ మోటారు తిరగలేదు, ఎందుకంటే కరెంటు లేదు. ‘బికాజ్’ అనే మాట లేకుండానే ఆ సంబంధం వచ్చేసింది. ఒక్క మాటతో కూడా ముగించవచ్చు: ‘ఓన్లీ వన్ థింగ్ వాజ్ మిస్సింగ్: సాల్ట్.’ కోలన్ తర్వాత వచ్చేది నిండు వాక్యమే కానక్కర్లేదు, ఆ షరతు ముందు భాగానికే. ఈ తేడా మరిచిపోయి కుడివైపు కూడా క్రియ ఉండాలని వాక్యాలు సాగదీస్తుంటారు.

ఇక్కడ మనకు వచ్చే చిక్కు రెండుసార్లు చెప్పడం. ‘ద మోటార్ డిడ్ నాట్ స్టార్ట్: బికాజ్ దేర్ వాజ్ నో పవర్’ అని రాస్తే ‘ఎందుకంటే’ రెండుసార్లు పడినట్టే. కోలన్ ఉంటే ‘బికాజ్’ వద్దు, ‘బికాజ్’ ఉంటే కోలన్ వద్దు. ‘నేమ్లీ’, ‘దట్ ఈజ్’ అన్న మాటలకు కూడా ఇదే లెక్క.

సెమీకోలన్‌తో తికమక పడేవాళ్ళు ఇదే మోటారు వాక్యాన్ని గుర్తుపెట్టుకోవచ్చు. ‘ద మోటార్ డిడ్ నాట్ స్టార్ట్; వి టుక్ వాటర్ ఫ్రమ్ ద కెనాల్.’ ఇక్కడ రెండో వాక్యం మొదటిదాన్ని విప్పి చెప్పడం లేదు, దాని పక్కన నిలబడి ఇంకో సంగతి చెబుతోంది. సెమీకోలన్‌కు రెండు వైపులా నిండు వాక్యాలు ఉండాలి. కోలన్‌లో చూపు ముందుకే ఉంటుంది, ఎడమవైపు అడిగినదానికి కుడివైపు జవాబు వస్తుంది. ‘ఎందుకంటే’ పడితే కోలన్, ‘మరి’ అనో ‘దాంతో’ అనో పడితే సెమీకోలన్. నూటికి నూరుపాళ్ళు కాకపోయినా రోజువారీ రాతకు ఈ కొలత సరిపోతుంది.

జాబితాలోని అంశాల్లోనే కామాలుంటే రెండు గుర్తులూ కలిసి పనిచేస్తాయి. ‘వి హావ్ త్రీ బ్రాంచెస్: గుంటూరు, ఆంధ్రప్రదేశ్; వరంగల్, తెలంగాణ; అండ్ బళ్ళారి, కర్ణాటక.’ ఇక్కడ సెమీకోలన్ల బదులు కామాలు పెడితే చదివేవాడు ఆరు చోట్లు లెక్కపెడతాడు.

ఆ మూడు అన్న మాట సంగతి కూడా చూడండి. కోలన్‌కు ముందు ‘త్రీ’ అని ప్రకటిస్తే తర్వాత మూడే రావాలి. చివరి నిమిషంలో నాలుగోది చేర్చి ముందున్న అంకె మార్చడం మరిచిపోవడం మామూలే. ఒకే వాక్యంలో రెండు కోలన్లు కూడా వద్దు. రెండోది అవసరమనిపిస్తే వాక్యాన్ని విరగ్గొట్టండి. ప్రకటించే మాట కోలన్‌కు దగ్గరగా ఉండటం మంచిది. ‘త్రీ డాక్యుమెంట్స్ ఆర్ నీడెడ్ ఎట్ ద ఆఫీస్ నియర్ ద ఓల్డ్ బస్ స్టాండ్:’ అని రాస్తే వ్యాకరణం ప్రకారం తప్పు కాదు గానీ చదివేవాడు బస్టాండు గురించి ఏదో రాబోతోందనుకుంటాడు.

నిలువు జాబితా పైన మాత్రం చెయ్యి పరీక్ష కొంత సడలింది. ‘యూ మస్ట్ బ్రింగ్:’ అని పైన రాసి, కింద ఒక్కో వరుసలో ఒక్కో వస్తువు ఇవ్వడం వెబ్‌సైట్లలో, కరపత్రాల్లో చెల్లుతోంది. వరుసలో సాగే పేరాలో అదే పని చేస్తే తప్పే. అనుమానమొస్తే పై వరుసను నిండు వాక్యం చేయండి, ఎక్కడా ఇబ్బంది రాదు.

ఖాళీ, పెద్దక్షరం, కొటేషన్

కోలన్‌కు ముందు ఖాళీ ఉండదు, తర్వాత ఒక్క ఖాళీ ఉంటుంది. ఫ్రెంచి వాళ్ళు ముందు కూడా ఖాళీ వదులుతారు, ఇంగ్లీషు వాళ్ళు వదలరు. ముందు ఖాళీ వదిలితే ఇంకో బెడద కూడా ఉంది: వరుస చివర చోటు చాలనప్పుడు కోలన్ ఒంటరిగా కింది వరుసకు దిగిపోతుంది.

కోలన్ తర్వాతి మాట చిన్నక్షరంతో మొదలవ్వాలా, పెద్దక్షరంతోనా అన్నది ఎవరికోసం రాస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. జాబితా గానీ పదబంధం గానీ వస్తే చిన్నక్షరమే, పేర్లకు తప్ప. నిండు వాక్యం వస్తే బ్రిటిష్ పద్ధతిలో మామూలుగా చిన్నక్షరం. అమెరికాలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తల శైలి, థీసిసుల్లో ఎక్కువగా వాడే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ శైలి రెండూ పెద్దక్షరం పెట్టమంటాయి. అమెరికా విశ్వవిద్యాలయానికి వ్యాసం పంపేవాళ్ళు ముందు వాళ్ళ శాఖ ఏ శైలి అడుగుతోందో చూసుకోవాలి. ఏ శైలీ అడగని చోట ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే వాడండి. ఒక పేజీలో ఇలా, ఇంకో పేజీలో అలా ఉంటేనే కంటికి కొడుతుంది.

ఎవరో అన్న మాటను ఎత్తి రాసేటప్పుడు ‘హి సెడ్’ తర్వాత కామా సరిపోతుంది. ముందు నిండు వాక్యం ఉంటే కోలన్ వాడాలి. ‘ద నోటీస్ ఆన్ ద గేట్ వాజ్ బ్లంట్:’ అని రాసి నోటీసులోని మాటలు ఇవ్వవచ్చు. కొటేషన్ ముగిశాక కోలన్ రావాల్సి వస్తే అది కొటేషన్ గుర్తుకు బయటే ఉంటుంది. కామా, ఫుల్‌స్టాప్‌ల విషయంలో అమెరికా, బ్రిటన్ కొట్టుకుంటాయి గానీ కోలన్ దగ్గర రెండిటిదీ ఒకే మాట.

ఉత్తరాల్లో

‘సబ్:-’, ‘రెఫ్:-’ అని కోలన్ పక్కన గీత పెట్టడం మన ఆఫీసుల్లో, బడుల్లో పాతుకుపోయింది. ‘ఉదా:-’, ‘జవాబు:-’ కూడా ఆ బాపతే. పాత బ్రిటిష్ అచ్చు పుస్తకాల్లో కోలన్, గీత జంటగా కనిపించేవి. వాళ్ళు ఎప్పుడో వదిలేశారు, మనం దాచుకున్నాం. నేటి ఇంగ్లీషులో ఆ గీతకు పనేమీ లేదు, ‘సబ్జెక్ట్:’ చాలు. ఈమెయిల్‌లో సబ్జెక్టు పెట్టెకు పేరు ముందే ఉంటుంది కాబట్టి అందులో మళ్ళీ ‘సబ్:’ అని టైపు చేయనక్కర్లేదు.

‘డియర్ సర్’ తర్వాత ఏం పెట్టాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ఆఫీసు ఉత్తరాలకు కోలన్, స్నేహితులకు కామా. బ్రిటన్‌లో కామా, లేదా ఏమీ ఉండదు. మన దగ్గర బ్రిటిష్ అలవాటు కొద్దీ కామాయే నడుస్తుంది. బోస్టన్‌లోని ప్రొఫెసరుకు మొదటిసారి రాసేటప్పుడు ‘డియర్ ప్రొఫెసర్’ అని పేరు రాశాక కోలన్ పెడితే అక్కడి మర్యాదకు సరిపోతుంది, కామా పెట్టినా ఎవరూ తప్పు పట్టరు.

‘నేమ్:’, ‘డేట్ ఆఫ్ బర్త్:’ లాంటివి వాక్యాలు కావు, చీటీలు. వాటికి చెయ్యి పరీక్ష వర్తించదు. బయోడేటాలో కోలన్లన్నీ ఒకే నిలువు గీత మీద ఉండాలని స్పేస్‌బార్ నొక్కుతూ పోవడం మాత్రం మానేయండి. మీ కంప్యూటర్లో సరిగ్గా ఉన్నది, ఫాంటు మారగానే మెట్లలా చెదిరిపోతుంది. వర్డ్‌లో ఆ వరుసలన్నీ ఎంచుకుని, పైన రూలర్ మీద 5 సెంటీమీటర్ల దగ్గర ఒకసారి, 5.5 దగ్గర ఇంకోసారి క్లిక్ చేస్తే రెండు ట్యాబ్ గుర్తులు పడతాయి. పేరు, ట్యాబ్, కోలన్, ట్యాబ్, వివరం అన్న క్రమంలో టైపు చేయండి. చిరునామా లాంటివి రెండు వరుసలు అవుతాయనుకుంటే మూడు నిలువు గళ్ళ టేబుల్ వేసి దాని గీతలు తీసేయడం ఇంకా మేలు.

ఇప్పుడు ఒక ఉత్తరం ముక్క దిద్ది చూద్దాం. ‘సబ్:- అప్లికేషన్ ఫర్ ద పోస్ట్ ఆఫ్ అకౌంటెంట్. మై క్వాలిఫికేషన్స్ ఆర్ : బీకామ్ అండ్ టాలీ. ఐ హావ్ ఎక్స్‌పీరియన్స్ ఇన్: జీఎస్టీ రిటర్న్స్, పేరోల్. ఐ కెన్ జాయిన్ ఎట్ వన్స్: బికాజ్ ఐ లివ్ నియర్ యువర్ ఆఫీస్.’

నాలుగు కోలన్లున్నాయి. మొదటిది చీటీ, ఉండవచ్చు, పక్కన గీత తీసేయాలి. రెండోది ‘ఆర్’ వెనక ఉంది, పైగా ముందు ఖాళీ కూడా ఉంది. మూడోది ‘ఇన్’ వెనక. నాలుగోది ‘బికాజ్’ ముందు. దిద్దితే ఇలా ఉంటుంది: ‘సబ్జెక్ట్: అప్లికేషన్ ఫర్ ద పోస్ట్ ఆఫ్ అకౌంటెంట్. ఐ హావ్ ఎ బీకామ్ డిగ్రీ అండ్ ఎ సర్టిఫికెట్ ఇన్ టాలీ. ఐ హావ్ హ్యాండిల్డ్ టూ కైండ్స్ ఆఫ్ వర్క్: జీఎస్టీ రిటర్న్స్ అండ్ పేరోల్. ఐ కెన్ జాయిన్ ఎట్ వన్స్ బికాజ్ ఐ లివ్ నియర్ యువర్ ఆఫీస్.’ వాక్యాల్లో ఒక్క కోలన్ మిగిలింది. అంత చిన్న ఉత్తరానికి ఒకటి చాలు.

అంకెల మధ్య, కంప్యూటర్‌లో

గంటల, నిమిషాల మధ్య కోలన్‌కు రెండు వైపులా ఖాళీ ఉండదు: 10:30, 17:25. బ్రిటిష్ పత్రికల్లో 10.30 అని చుక్క కూడా కనిపిస్తుంది. నిష్పత్తికీ ఖాళీ లేకుండానే రాస్తారు, 3:2 అని.

ఎక్సెల్‌లో నిష్పత్తులు టైపు చేసేవాళ్ళు జాగ్రత్త పడాలి. ఎం15 కాంక్రీటుకు సిమెంటు, ఇసుక, కంకర పాళ్ళు 1:2:4. దాన్ని ఎక్సెల్ గడిలో అలాగే కొట్టి ఎంటర్ నొక్కితే అది గంటా రెండు నిమిషాల నాలుగు సెకన్లు అనుకుని 1:02:04 చేసేస్తుంది. తర్వాత గడిని టెక్స్ట్‌గా మార్చినా పాళ్ళు తిరిగి రావు, 0.0431 తో మొదలయ్యే దశాంశం కనిపిస్తుంది. గంటా రెండు నిమిషాల నాలుగు సెకన్లు ఒక రోజులో ఎన్నో వంతో చెప్పే అంకె అది. టైపు చేయకముందే గడిని టెక్స్ట్‌గా మార్చండి, లేదా ముందు ఒక అపాస్ట్రఫీ కొట్టి తర్వాత 1:2:4 రాయండి. అపాస్ట్రఫీ గడిలో కనబడదు.

థీసిస్ శీర్షికలో అసలు పేరుకీ ఉపశీర్షికకీ మధ్య కోలన్ ఉంటుంది. అదే పేరుతో ఫైలు దాచబోతే విండోస్ ఒప్పుకోదు, ఫైలు పేర్లలో కోలన్ నిషిద్ధం. అక్కడ చిన్న గీత వాడండి. వర్డ్‌లో బ్రాకెట్ల లోపల చివర కోలన్ వస్తే, ముగింపు బ్రాకెట్ కొట్టగానే రెండూ కలిసి నవ్వు ముఖమైపోతాయి. వెంటనే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే వెనక్కి వస్తుంది. ఆఫీసు ఉత్తరం ప్రింటు తీశాక చూసుకుంటే మాత్రం ఆ నవ్వుకు విరుగుడు లేదు.

తెలుగులో ఇదే చుక్కల జంటతో ఇంకో తప్పు జరుగుతుంది. విసర్గ ఎక్కడుందో తెలియక దు:ఖం, అంత:పురం, పున:ప్రారంభం అని కోలన్ కొట్టేస్తుంటారు. కంటికి ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కు రెండూ వేరు: యూనికోడ్‌లో కోలన్ సంఖ్య 58, తెలుగు విసర్గ సంఖ్య 3075. కోలన్‌తో రాసిన దు:ఖం అసలు దుఃఖం అని వెతికినవాళ్ళకు దొరకదు, వరుస చివర పడితే మధ్యలో విరగనూవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో షిఫ్ట్ పట్టుకుని సున్నా పక్కనున్న గీత మీట నొక్కితే విసర్గ వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే లిప్యంతరీకరణ పద్ధతుల్లో సాధారణంగా పెద్ద హెచ్. పాత ఫైళ్ళు దిద్దేటప్పుడు కోలన్లన్నిటినీ ఒక్క దెబ్బతో విసర్గలుగా మార్చకండి, ‘ఉదా:’, ‘గమనిక:’ పక్కనున్నవి కూడా మారిపోతాయి. ‘దు:ఖ’, ‘అంత:’, ‘పున:’, ‘ప్రాత:’ అని ఒక్కో మాటనే వెతికి మార్చుకుంటూ రండి.